ఇరవై, ముప్పై ఏళ్లకే కళ్ల ముందు దారాలు: వదిలేయాలా, లేజరా, ఆపరేషనా?

తెల్లటి ఎక్సెల్ షీట్ మీదో, మిట్టమధ్యాహ్నం ఆకాశంలోనో సన్నటి దారం ముక్క ఒకటి కనిపిస్తుంది. పక్కన గాజుపూసల్లాంటి చుక్కలు రెండో మూడో. సరిగ్గా చూద్దామని కన్ను తిప్పితే అదీ జారుకుంటుంది. కన్ను ఆపాక కూడా కాస్త ఊగి, మెల్లగా కిందికి దిగుతుంది. ఇళ్లల్లో పెద్దవాళ్లు 'కళ్ల ముందు ఈగలు తిరుగుతున్నాయి' అనేది వీటినే. డాక్టర్లు ఫ్లోటర్స్ అంటారు.

పెద్దవాళ్ల సంగతి వేరు. పాతికేళ్లకో ముప్పైయేళ్లకో ఇవి మొదలైతే టెన్షన్ పట్టుకుంటుంది, రాత్రంతా నెట్‌లో వెతుకులాట మొదలవుతుంది. ఏమీ చేయక్కర్లేదని ఒకరంటారు, లేజర్‌తో కాల్చేస్తారని ఒకరు, ఆపరేషన్ చేసి జెల్ తీసేస్తారని ఇంకొకరు. మధ్యలో మాత్రలు, చుక్కల మందులు, పైనాపిల్ ముక్కలు. వీటిలో నలభై లోపు వాళ్లకు ఏది పనికొస్తుంది, ఏది పనికిరాదు అన్నదే ఇక్కడి విషయం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ వయసులో ఎక్కువమందికి ఏ చికిత్సా అక్కర్లేదు, కానీ ఆ మాట రెటీనా, అంటే కంటి వెనక వెలుతురును పట్టుకునే పొర, పరీక్ష చేయించుకున్నాకే అనుకోవాలి.

కుర్రవాళ్ల కంట్లో జరిగేది వేరు

కంట్లో లెన్స్‌కీ రెటీనాకీ మధ్య ఉండే చోటంతా విట్రియస్ అనే జెల్ ఉంటుంది. దాదాపు 4 మిల్లీలీటర్లు. అందులో 98 శాతం పైగా నీరే, మిగిలింది కొలాజెన్ పోగులు, హయలురానిక్ ఆమ్లం. పోగులు సమంగా పరుచుకుని ఉన్నన్నాళ్లూ వెలుతురు వాటిలోంచి నేరుగా పోతుంది. ఏళ్లు గడిచేకొద్దీ గడ్డపెరుగులో నీరు తేరినట్టు జెల్ అక్కడక్కడా నీరవుతుంది, పోగులు ఒకదానికొకటి అంటుకుని కట్టలు కడతాయి. వాటి నీడ రెటీనా మీద పడుతుంది. మనకు కనిపించేది ఆ నీడే.

యాభై, అరవై దాటినవాళ్లలో జెల్ వెనక భాగం రెటీనా నుంచి పూర్తిగా విడిపోతుంది. దీన్నే పి.వి.డి. అంటారు. అప్పుడు ఆప్టిక్ నరం చుట్టూ అతుక్కుని ఉన్న భాగం ఊడొచ్చి ఉంగరంలా తేలుతుంది, దాని పేరు వైస్ రింగ్. అది పెద్దగా ఉంటుంది, రెటీనాకు దూరంగా ఉంటుంది, డాక్టర్‌కి సులువుగా కనిపిస్తుంది.

ఇరవైల్లో, ముప్పైల్లో సాధారణంగా జెల్ ఇంకా రెటీనాకు గట్టిగా అతుక్కునే ఉంటుంది. పోగులు చాలా సన్నం, కానీ రెటీనాకు బాగా దగ్గర. దగ్గరగా ఉండటంతో నీడ అంచులు గీత గీసినట్టు పడతాయి. ఎండలో కంటిపాప చిన్నదవుతుంది, దాంతో నీడ ఇంకా చిక్కనవుతుంది. నీరెండలో పెద్దగా కనిపించనివి మధ్యాహ్నం బయటికి రాగానే ఒక్కసారిగా పోగవడానికి కారణం ఇదే. ఇంత సన్నటివి డాక్టర్ మైక్రోస్కోప్‌లో పట్టుబడకపోవచ్చు. 'నాకేం కనిపించడం లేదే' అని డాక్టర్ అన్నంత మాత్రాన మీరు లేనిపోనిది ఊహించుకుంటున్నారని కాదు. పరీక్ష ముఖ్యంగా వెతికేది రెటీనాలో చిరుగు ఉందా, రక్తం ఉందా, వాపు ఉందా అని. దారం కనిపించకపోవడం తరచూ మంచి వార్తే.

మైనస్ పవర్ ఉన్నవాళ్లకు ఇవి ముందే వస్తాయి. మామూలు కన్ను ముందు నుంచి వెనక్కి సుమారు 24 మిల్లీమీటర్లు ఉంటుంది. పవర్ మైనస్ 6 దాటినవాళ్లలో చాలామందికి 26 కూడా దాటుతుంది. సాగిన కంట్లో జెల్ త్వరగా నీరవుతుంది, రెటీనా అంచులు పలచబడతాయి. లాసిక్ చేయించుకుని కళ్లజోడు తీసేసినవాళ్లు ఇక్కడే పొరబడతారు. లాసిక్ మార్చేది కంటి ముందున్న కార్నియాను, కంటి పొడవు అలాగే ఉంటుంది. పెళ్లి చూపులకు ముందు జోడు వదిలించుకున్న మైనస్ 7 అబ్బాయికి రెటీనా విషయంలో ఇప్పటికీ మైనస్ 7 ఉన్నట్టే లెక్క. కొత్త డాక్టర్ దగ్గరికి వెళ్తే పాత పవర్ తప్పక చెప్పాలి.

ఇది అరుదైన బాధ కూడా కాదు. 2013లో అచ్చయిన ఒక సర్వేలో స్మార్ట్‌ఫోన్ యాప్ ద్వారా 603 మందిని అడిగితే 76 శాతం మంది తమకు ఫ్లోటర్స్ కనిపిస్తున్నాయన్నారు. అందులో ఎక్కువమంది యువతే. స్క్రీన్ల వల్ల ఫ్లోటర్స్ వస్తాయని కంగారు పడక్కర్లేదు, తెల్లటి స్క్రీన్ ఉన్నవాటిని చూపిస్తుందంతే.

ముందు తేల్చుకోవాల్సింది: ఈ రోజేనా, ఆగొచ్చా

ఏ చికిత్స అన్న ప్రశ్న కంటే ఇది పెద్దది. ఒక్కసారిగా మసి చల్లినట్టు బోలెడు నల్లచుక్కలు రావడం, చీకట్లో కూడా కంటి పక్కన మెరుపులు మెరవడం, ఓ పక్క నుంచి తెర కమ్ముకొస్తున్నట్టు ఉండటం, చూపు మందగించడం, కంటికి బంతో మోచెయ్యో తగిలాక కొత్త చుక్కలు రావడం. వీటిలో ఏ ఒక్కటున్నా ఆ రోజే వెళ్లాలి. ఆదివారమైనా సరే, పండగైనా సరే. రెటీనా చిరిగినప్పుడే పట్టుకుంటే చిరుగు చుట్టూ లేజర్ వేసి పంపేస్తారు, ఆసుపత్రిలో పడుకోబెట్టే పని ఉండదు. రెటీనా ఊడిపోయే దాకా వస్తే పెద్ద ఆపరేషన్, చూపు పూర్తిగా తిరిగి వస్తుందన్న భరోసా లేదు. పి.వి.డి. లక్షణాలు కొత్తగా మొదలైనవాళ్లలో నూటికి పది నుంచి పదిహేను మందికి ఎక్కడో ఒకచోట చిరుగు దొరుకుతుంది. యువతలో పి.వి.డి. తక్కువ, కానీ ఎక్కువ మైనస్ ఉన్నవాళ్లకు, దెబ్బ తగిలినవాళ్లకు అది ముందే రావచ్చు.

మన దగ్గర మగపిల్లల విషయంలో ఒకటి గుర్తుంచుకోవాలి. ఈల్స్ జబ్బు అని ఉంది. 1880లో హెన్రీ ఈల్స్ అనే బ్రిటిష్ కంటి డాక్టర్ దీని గురించి రాశారు. ఎక్కువగా ఇరవై నుంచి నలభై ఏళ్ల మధ్య, మిగతా అన్నివిధాలా ఆరోగ్యంగా ఉన్న మగవాళ్లకు వస్తుంది, భారత ఉపఖండంలో ఎక్కువ కనిపిస్తుంది. రెటీనా అంచుల్లో రక్తనాళాలు వాచి, మూసుకుపోయి, ఆపైన పెళుసైన కొత్త నాళాలు పుట్టి, అవి పగిలి జెల్‌లోకి రక్తం కారుతుంది. మనిషికి తెలిసేది మాత్రం 'పొద్దున లేచేసరికి కంట్లో సాలెగూడు' అన్నదే. నొప్పి ఉండదు, అందుకే తేలిగ్గా తీసుకుంటారు. రెండు మూడు రోజుల్లో కాస్త తేటపడితే తగ్గిపోయిందనుకుంటారు. మళ్లీ మళ్లీ కారడం దీని లక్షణం. క్షయతో సంబంధం ఉందేమోనని ఆ పరీక్షలు కూడా రాస్తారు, దానికి బెంబేలెత్తక్కర్లేదు.

కన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేక, నొప్పితో పాటు ఫ్లోటర్స్ వస్తే లోపల వాపు, అంటే యువియైటిస్ అయ్యుండొచ్చు. అదీ ఆగే పని కాదు. షుగర్ ఉన్నవాళ్లకు కొత్త చుక్కలు వస్తే వయసుతో పని లేదు, వెంటనే వెళ్లాలి.

ఈ లక్షణాలేవీ లేకుండా కొత్తగా ఒకటో రెండో దారాలు కనిపించాయంటే రెండు మూడు రోజుల్లో చూపించుకోండి. ఏళ్ల తరబడి అవే నాలుగు దారాలు, మారలేదు, పెరగలేదు అంటే వీలు చూసుకుని వెళ్లొచ్చు.

అసలు ఫ్లోటర్సే కానివీ ఉన్నాయి. నీలాకాశం చూసినప్పుడు మిలమిలా మెరుస్తూ పురుగుల్లా చకచకా పరుగెత్తే చుక్కలు రెటీనా రక్తనాళాల్లో పోతున్న తెల్లరక్తకణాలు, అందరికీ ఉంటాయి. వంకర టింకర మెరుపు గీతలు వచ్చి, క్రమంగా పెద్దవై, ఇరవై ముప్పై నిమిషాల్లో పోతే అది చాలావరకు మైగ్రేన్. కన్ను కదిపితే ఊగుతూ వెంట రావడం ఫ్లోటర్ గుర్తు.

ఎక్కడ చూపించుకోవాలి

కళ్లజోళ్ల షాపులో కంప్యూటర్ పరీక్ష పవర్ చెబుతుంది, రెటీనా అంచులు చూపించదు. కంటి శిబిరాల్లో కూడా ప్రధానంగా చూసేది చూపు, అద్దాలు, శుక్లాలే. మీకు కావాల్సింది కంటిపాపను పెద్దది చేసే చుక్కలు వేసి రెటీనాను చివరిదాకా చూడగల కంటి డాక్టర్, వీలైతే రెటీనా స్పెషలిస్ట్. హైదరాబాద్‌లో మెహిదీపట్నం సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి, ఎల్వీ ప్రసాద్ లాంటివి అందరికీ తెలిసినవే. విశాఖ, విజయవాడలో కూడా ఎల్వీ ప్రసాద్ కేంద్రాలున్నాయి, తిరుపతిలో అరవింద్ ఉంది. అమెరికాలో ఉంటే మొదట ఆప్టోమెట్రిస్ట్ దగ్గరికి వెళ్లినా చుక్కలు వేసి చూస్తారు, అనుమానముంటే రెటీనా డాక్టర్‌కి పంపుతారు.

పరీక్ష ఎలా ఉంటుందో తెలిస్తే సగం భయం పోతుంది. చుక్కలు వేసినప్పుడు చుర్రుమంటుంది. కళ్లు మూసుకుని అరగంట బెంచీ మీద కూర్చోవాలి, మధ్యలో సిస్టర్ వచ్చి టార్చ్ వేసి చూసి ఇంకో చుక్క వేస్తుంది. తర్వాత పడుకోబెట్టి, డాక్టర్ తలకు దీపం కట్టుకుని, చేతిలో లెన్స్ పట్టుకుని 'పైకి చూడండి, కుడివైపు పైకి, కుడివైపు' అంటూ ఎనిమిది దిక్కులా చూపు తిప్పిస్తారు. అంచులు కనిపించడానికి రెప్ప మీద నుంచి చిన్న లోహపు పుల్లతో నొక్కుతారు. ఇబ్బందిగా ఉంటుంది, కానీ ఆ నొక్కుడే ముఖ్యం. ఆ తర్వాత నాలుగైదు గంటలు ఫోన్‌లో అక్షరాలు అలుక్కుపోతాయి, ఎండ గుచ్చుకుంటుంది. బండి మీద వెళ్లొద్దు. నల్లకళ్లద్దాలు, తోడుగా ఒక మనిషి ఉంటే చాలు. లోపల రక్తం అడ్డమై రెటీనా కనిపించకపోతే బి-స్కాన్, అంటే కంటికి అల్ట్రాసౌండ్ చేస్తారు.

పరీక్షలో లాటిస్ అని రాస్తే అది రెటీనా అంచున పలచబడిన చోటు. ఉన్న ప్రతివాళ్లకూ లేజర్ పడదు. చిరుగు, కొత్త లక్షణాలు, రెండో కంటి చరిత్ర, ఇంట్లో ఎవరికైనా రెటీనా ఊడటం, ఇలాంటివి చూసి నిర్ణయిస్తారు. ఆ లేజర్ వేయించుకున్నా ఫ్లోటర్స్ పోవు, అది రెటీనాను కాపాడటానికి. లేజర్ వేయించుకున్నా దారాలు అలాగే ఉన్నాయని ఆసుపత్రిని తిట్టుకునేవాళ్లను చూశాను, వేసింది ఏ లేజరో వాళ్లకెవరూ విడమరిచి చెప్పలేదు.

మాత్రలు, పైనాపిల్, చుక్కల మందు

పైనాపిల్ కథ 2019లో తైవాన్ నుంచి వచ్చిన ఒక అధ్యయనంతో పాకింది. దాని పద్ధతిలో లోపాలున్నాయని కంటి నిపుణులు అప్పుడే అన్నారు. పండు ఇష్టమైతే తినండి, కంటి కోసమని మాత్రం కాదు. షుగర్ ఉంటే అసలే వద్దు.

మాత్రలది కాస్త నయం. ఐర్లండ్‌లో చేసి 2021లో ప్రచురించిన ఒక పరిశోధనలో 61 మందిని రెండు గుంపులు చేసి ఆరు నెలలు చూశారు. విటమిన్ సి, జింక్, లైసిన్ లాంటివి కలిపిన మాత్రలు వాడినవాళ్లలో ఇబ్బంది కొంత తగ్గింది. 61 మంది అంటే చిన్న సంఖ్య. ఎలాగూ ఆరు నెలలు ఆగితే చాలామందికి ఇబ్బంది తగ్గుతుంది కూడా. నెలనెలా డబ్బు పోయడానికి ఇది చాలదని నా లెక్క.

పలచటి అట్రోపిన్ చుక్కలు వేరే దారిలో పని చేస్తాయి. కంటిపాప కొద్దిగా విచ్చుకుంటే నీడ పలచబడుతుంది. దారం పోదు, కనిపించడం తగ్గుతుంది. పిల్లల్లో మైనస్ పవర్ పెరుగుదలను నెమ్మది చేయడానికి 0.01 శాతం చుక్కలు మన దగ్గర వాడుతున్నారు. ఫ్లోటర్స్‌కి ఇది ఇంకా ప్రయోగదశే. ఎండ గుచ్చుకోవడం, దగ్గరి అక్షరాలు మసకబారడం ఉండొచ్చు. డాక్టర్ రాస్తే సరే, మెడికల్ షాపులో అడిగి సొంతంగా వేసుకునే మందు మాత్రం కాదు.

లేజర్: యువతకు సరిపడని చికిత్స

యాగ్ లేజర్‌తో ఫ్లోటర్‌ని పగలగొట్టి చిన్న ముక్కలు చేయడం, లేదా చూపు దారిలోంచి పక్కకు జరపడం దీని ఉద్దేశం. కోత లేదు, అదే రోజు ఇంటికెళ్లిపోవచ్చు. వినడానికి ఇంతకంటే బాగున్నది ఉండదు. 2017లో అమెరికాలో 52 మంది మీద చేసిన ఒక అధ్యయనంలో ఆరు నెలల తర్వాత నిజమైన లేజర్ పడ్డవాళ్లలో 54 శాతం మంది మెరుగైందన్నారు, ఉత్తుత్తి లేజర్ పడ్డవాళ్లలో 9 శాతం. ప్రకటనల్లో చెప్పేది ఈ అంకెలే. అయితే ఆ 52 మందీ వైస్ రింగ్ ఉన్నవాళ్లు. అంటే జెల్ పూర్తిగా విడిపోయి, లెన్స్‌కీ రెటీనాకీ తగినంత దూరంలో పెద్ద ముక్క తేలుతున్నవాళ్లు.

ముప్పైయేళ్ల మనిషి కంట్లో ఆ ఉంగరమూ ఉండదు, ఆ దూరమూ ఉండదు. వెంట్రుక కంటే సన్నటి పోగు, అదీ రెటీనాను ఆనుకుని. దాని మీద గురిపెట్టడమంటే రెటీనా మీద గురిపెట్టడమే. లెన్స్‌కి తగిలితే శుక్లం, కంటి ఒత్తిడి పెరగడం, రెటీనా దెబ్బతినడం, ఇవన్నీ ఈ చికిత్సలో నమోదైన నష్టాలు. కాబట్టి నలభై లోపువాళ్లకు యాగ్ చేస్తామని ఎవరైనా మొదటి రోజే అంటే, నా ఫ్లోటర్ రెటీనాకు ఎంత దూరంలో ఉంది, స్కాన్‌లో చూపించండి అని అడగండి. చూపించలేకపోతే ఇంకో డాక్టర్ అభిప్రాయం తీసుకోండి.

ఆపరేషన్: పని చేస్తుంది, కానీ ఖరీదు కంటితో కట్టాలి

విట్రెక్టమీ అంటే కంటి తెల్లగుడ్డులో సన్నటి రంధ్రాలు చేసి, జెల్‌ని కత్తిరించి తీసేసి, సెలైన్ లాంటి ద్రవం నింపడం. 1970లో రాబర్ట్ మాకెమర్ మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఇప్పుడు 25, 27 గేజ్ అనే బాగా సన్నటి పరికరాలు వచ్చి కుట్లు కూడా చాలాసార్లు అక్కర్లేదు. ఫ్లోటర్స్‌ని నిజంగా తీసేసేది ఇదొక్కటే. యాభై దాటి, పి.వి.డి. అయిపోయి, చూపుకు పెద్ద ముక్క అడ్డం పడుతున్నవాళ్లకు దీని మీద నాకు అభ్యంతరం లేదు.

యువతలో చిక్కు జెల్ అతుక్కుని ఉండటంతో వస్తుంది. సర్జన్ దాన్ని బలవంతంగా విడదీస్తే రెటీనా చిరిగే ప్రమాదం. విడదీయకుండా నడిమి భాగం మాత్రమే తీస్తే ప్రమాదం తగ్గుతుంది, కానీ మిమ్మల్ని వేధించే పోగులు రెటీనాకు దగ్గర్లోనివి కాబట్టి అవి మిగిలిపోవచ్చు. పైగా ఎప్పుడో పి.వి.డి. వచ్చినప్పుడు కొత్తవి పుడతాయి.

శుక్లం సంగతి. విట్రెక్టమీ తర్వాత శుక్లం త్వరగా వస్తుంది, యాభై దాటినవాళ్లలో మరీ. వయసు తక్కువైతే నెమ్మదిగా రావచ్చు. కానీ ముప్పై అయిదేళ్లకు శుక్లం ఆపరేషన్ పడితే పోయేది దగ్గరికీ దూరానికీ తనంతట తాను సర్దుకునే సొంత లెన్స్. మామూలు కృత్రిమ లెన్స్ పెడితే ఫోన్ చూడటానికి రీడింగ్ అద్దాలు తప్పవు. వీటికి తోడు అరుదే అయినా ఇన్‌ఫెక్షన్ ఉంది, అది చూపునే తీసేయగలదు.

ఇంత చెప్పాక కూడా ఆపరేషన్ అడిగేవాళ్లను తప్పుబట్టలేను. సింగపూర్‌లో 311 మంది ఫ్లోటర్స్ రోగుల్ని అడిగిన ఒక అధ్యయనం 2011లో వచ్చింది. ఇవి వదిలిపోతాయంటే సగటున 7 శాతం అంధత్వ ప్రమాదానికి కూడా సిద్ధమన్నారు. 'ఏం కాదు, అలవాటైపోతుంది' అని రెండు ముక్కల్లో పంపేసే డాక్టర్లు ఈ బాధను తక్కువ అంచనా వేస్తున్నారు. చదవలేక, బండి నడపలేక, పని చేయలేక ఏడాది పైగా గడిచి, పవర్ కుదురుగా ఉండి, ఇద్దరు రెటీనా సర్జన్లు స్కాన్ చూసి ఒకే మాట చెబితే అప్పుడు ఆలోచించొచ్చు. ముందు ఒక కన్నే, రెండూ ఒకేసారి వద్దు.

ఆగడం అంటే

రెటీనా బాగుందని తేలాక ఎక్కువమందికి నేను చెప్పేది ఆరు నెలలు, వీలైతే ఏడాది ఆగమనే. కాలం గడిచేకొద్దీ కొన్ని పోగులు కిందికి జారి చూపు దారి నుంచి తప్పుకుంటాయి, మెదడు మిగిలినవాటిని పట్టించుకోవడం మానేస్తుంది. మానకుండా అడ్డుపడేది మనమే. పొద్దున లేవగానే తెల్లగోడ వైపు చూసి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం, ఒక కన్ను మూసి ఇంకో కన్నుతో వెతకడం. ఆ వెతుకులాటతో వాటికి రోజూ కొత్త ప్రాణం పోసినట్టే. నెలకోసారి ఒక్కో కన్ను మూసి చూపు, మెరుపులు, తెర లాంటివేమైనా ఉన్నాయేమో చూసుకుంటే సరిపోతుంది.

స్క్రీన్‌కి డార్క్ మోడ్ పెట్టండి, బ్రైట్‌నెస్ గదిలో వెలుతురుకి సరిపడా తగ్గించండి. ఎండలోకి వెళ్తే నల్లకళ్లద్దాలు. దారం సరిగ్గా చదివే లైను మీద వచ్చి కూర్చుంటే కన్ను ఒకసారి పైకీ కిందికీ వేగంగా తిప్పితే పక్కకు జరుగుతుంది. కళ్లు నలపకండి. నిద్ర పట్టనంత టెన్షన్ ఉంటే దానికి విడిగా డాక్టర్‌తో మాట్లాడటంలో నామోషీ లేదు, ఆందోళన తగ్గితే దారాలు అలాగే ఉన్నా ఇబ్బంది తగ్గుతుంది.

విదేశాల్లో ఉండి, రెండు మూడు వారాల సెలవులో ఇక్కడికొచ్చి ఆపరేషన్ చేయించుకుని పోదామనుకునేవాళ్లకు ఒక మాట. ఆపరేషన్‌లో చిరుగు కనిపిస్తే కంట్లో గ్యాస్ నింపాల్సి రావచ్చు. ఆ గ్యాస్ పూర్తిగా కరిగేదాకా విమానం ఎక్కకూడదు, పైకి వెళ్లేకొద్దీ అది వ్యాకోచించి కంటి ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. వాడిన గ్యాస్‌ని బట్టి కరగడానికి వారాలు పట్టొచ్చు. తిరుగు టికెట్ తేదీ, ఆ తర్వాతి పరీక్షలు అక్కడ ఎవరు చేస్తారన్నదీ సర్జన్‌తో మాట్లాడాకే ఖాయం చేసుకోండి.